సర్వరుకి ఎస్సెస్డీ కొంటున్నారా? ఒక్క నిమిషం..

మొన్న శనివారం ఉప్పల్ మెట్రో స్టేషను కింద టీ తాగుతుంటే మావాడు ఫోను చేశాడు. మావాడంటే ఇంజినీరింగులో నా రూమ్మేటు. నాచారం పారిశ్రామికవాడలో పంపుల విడిభాగాల వ్యాపారం వాడిది. "ఒరేయ్, సర్వరు మారుస్తున్నా. డిస్కులకి మూడు కొటేషన్లు వచ్చాయి. ఒకటి చవక, ఒకటి మధ్యస్థం, ఒకటి వింటేనే గుండె ఆగేట్టుంది. ఏది కొనమంటావ్?" అని.

మామూలుగా అయితే ఇలాంటి సలహాలు టీ అయ్యేలోపు పారేస్తాను. ఈసారి మాత్రం "రేపొస్తా, అప్పటిదాకా ఏమీ కొనకు" అన్నాను. ఎందుకంటే 2019 వేసవిలో వాడికి సలహా ఇచ్చింది కూడా నేనే. ముందు ఆ కథ చెప్పాలి.

వాడి సర్వరు రోజంతా చేసేది చదవడమే. విడిభాగాల బొమ్మలు, కొలతలు, ధరలు.. డీలర్లు వెతుకుతూనే ఉంటారు. రాసేది కాసిని ఆర్డర్లు. రైట్లు తక్కువ కాబట్టి డ్రైవు అరగదు, కాబట్టి డెస్క్‌టాపుల్లో వేసే చవక ఎస్సెస్డీ చాలు అని తేల్చేశాను. డ్రైవు నిజంగానే అరగలేదు. కానీ ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ చచ్చి ఎన్నాళ్ళయిందో ఎవరికీ తెలీదు. కరెంటొచ్చాక సర్వరు లేచింది గానీ డేటాబేసు లేవలేదు. బ్యాకప్పేమో రెండ్రోజుల కిందటిది. ఆ రెండ్రోజుల ఆర్డర్లన్నీ ఫోన్లు చేసి, వాట్సాపు వెనక్కి తిప్పి, చీటీలు ఏరి మళ్ళీ ఎక్కించారు. కొన్ని దొరకనే లేదు. వాడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే ఎక్కువ బాధ.

తప్పంతా డ్రైవుదే అనను. యూపీఎస్‌దీ ఉంది, బ్యాకప్పుదీ ఉంది. కానీ నేను అడగాల్సిన ప్రశ్న ఒకటి అడగలేదు.

ఎస్సెస్డీ రాతని నేరుగా ఫ్లాషులో పెట్టదండి. ముందు తన లోపలి మెమరీలో ఉంచుకుని, తర్వాత తీరిగ్గా సర్దుతుంది. ఏ డేటా ఎక్కడుందో చెప్పే పట్టిక కూడా అంతే. సర్వరు డ్రైవుల్లో కెపాసిటర్లుంటాయి. కరెంటు పోతే ఆ కాస్త ఛార్జితో చేతిలో ఉన్నదంతా ఫ్లాషులోకి దింపేసి అప్పుడు పడుకుంటుంది. దీన్నే పవర్ లాస్ ప్రొటెక్షన్ అంటారు. డెస్క్‌టాపు డ్రైవుల్లో సాధారణంగా ఇది ఉండదు.

మన సర్వరులో రీడ్లు 95 శాతం, రైట్లు 5 శాతం అనుకుందాం. చెడిన రీడు మళ్ళీ చదువుకోవచ్చు. పోయిన రైటు పోయినట్టే. పైగా ఆ 5 శాతంలోనే కదా డబ్బుంది! రీడ్ల సర్వరే కదా అని రైట్ల సంగతి వదిలేయడం, అదీ నేను చేసిన పొరపాటు.

అలాగని మూడో కొటేషను, అదే గుండె ఆపేది, కొనాలా? అక్కర్లేదు. అది మిక్స్‌డ్ యూజ్ డ్రైవు, రోజుకి 3 డీడబ్ల్యూపీడీ. అంటే అయిదేళ్ళ వారంటీలో రోజూ మూడుసార్లు డ్రైవు మొత్తం నింపినా తట్టుకుంటుందని హామీ. 960 జీబీ డ్రైవుకి ఇది 5256 టీబీ. మధ్యస్థం కొటేషనులోది రీడ్ ఇంటెన్సివ్ రకం, 1 డీడబ్ల్యూపీడీ, అంటే 1752 టీబీ. మరి మావాడి సర్వరు రాసేదెంత? పాత డ్రైవు స్మార్ట్ లెక్కలు చూస్తే రోజుకి దాదాపు 20 జీబీ, అదీ ఎక్కువ భాగం లాగులే. అయిదేళ్ళకి 36.5 టీబీ. కొనబోయే ఓపికలో రెండు శాతం! ఇహ మూడోదానికి డబ్బు పోయడం ఎందుకు?

మీరు కూడా ముందు ఈ లెక్క వేసుకోండి. ఎన్వీఎంఈ డ్రైవైతే డేటా యూనిట్స్ రిటన్ అనే అంకె చూడండి, ఒక్కో యూనిట్ 5,12,000 బైట్లు. నెల తేడాతో రెండుసార్లు చూస్తే చాలు.

ఇక డబ్బా మీద లక్షల ఐయాప్స్ గురించి. ఎంసెట్ రోజుల్లో కోచింగు సెంటర్ల హోర్డింగులు గుర్తున్నాయా? మొదటి ర్యాంకు ఫోటో పెద్దది, మిగతా క్లాసు ఊసే ఉండదు. ఇదీ అంతే. ఒకేసారి బోలెడు రిక్వెస్టులు పోసినప్పుడు, డ్రైవు ఖాళీగా ఉన్నప్పుడు వచ్చే అంకె అది. ఫ్లాషులో ఒక రీడుకి పదుల మైక్రోసెకన్లు పడితే, ఒక బ్లాకు చెరపడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఆ చెరుపుడు వెనక చిక్కుకున్న రీడు, నాచారం సందులో లారీ రివర్సు తీస్తుంటే ఆగిపోయిన బైకులాంటిది. కాబట్టి సగటు చూడకండి, 99వ పర్సెంటైల్ చూడండి. డ్రైవుని ఒకసారి పూర్తిగా నింపి, ఎఫ్‌ఐఓతో 95కి 5 పాళ్ళలో, మీ డేటాబేసు పేజీ సైజుతో (ఇన్నోడీబీకి మామూలుగా 16 కేబీ, పోస్ట్‌గ్రెస్‌కి 8) నడపండి. కొత్త డ్రైవు ఖాళీగా ఉంటే అన్నీ బాగానే కనిపిస్తాయి :-)

క్యూఎల్సీ అంటే భయపడేవాళ్ళకి ఒక మాట. సెల్లుకి నాలుగు బిట్లు, రైట్లలో నీరసమే. కానీ 2018లో మైక్రాన్ 5210 అయాన్ తెచ్చింది ప్రధానంగా ఇలాంటి రీడ్ల పనుల కోసమే. టెరాబైట్ల కొద్దీ బొమ్మలుంటే క్యూఎల్సీ తప్పేం కాదు. మావాడిది చిన్న డేటా కాబట్టి టీఎల్సీయే తీసుకోమన్నాను. ఇంకో ముఖ్యమైన విషయం, వేడి డేటా మొత్తం ర్యామ్‌లో పట్టేస్తే డ్రైవు వేగం గొడవే ఉండదు. ముందు ర్యామ్ వేసి చూడండి.

పాత డ్రైవుని "బ్యాకప్పుగా బీరువాలో పెడతా" అన్నాడు మావాడు. రేకుల షెడ్డు, మే నెల! జెడెక్ ప్రమాణం ప్రకారం, ఓపికంతా వాడేసిన సర్వరు ఎస్సెస్డీ కరెంటు లేకుండా 40 డిగ్రీల్లో డేటా నిలపాల్సింది మూడు నెలలే. వాడి డ్రైవు అంత అరగలేదనుకోండి, అయినా బ్యాకప్పుకి బీరువా ఎస్సెస్డీని నమ్మొద్దు. హార్డుడిస్కు ఒకటి పెట్టించాను.

చివరికి కొన్నది మధ్యస్థం కొటేషను, రెండు డ్రైవులు మిర్రరులో. యూపీఎస్ బ్యాటరీ కూడా మార్పించాను. ఆదివారం సాయంత్రం డేటా కాపీ మీద ఆర్డర్లు ఎక్కిస్తూ, యూపీఎస్ పక్కన పెట్టేసి, గోడ ప్లగ్గు పీకాం. మళ్ళీ పెట్టాం, మళ్ళీ పీకాం. పదిసార్లు. పదిసార్లూ డేటాబేసు లేచింది, సేవయినట్టు చూపించిన ఆర్డరు ఒక్కటీ పోలేదు.

పదోసారి ప్లగ్గు పీకింది మావాడే. "ఈ పని 2019లో చేసుంటే బావుండేది కదరా" అన్నాడు. అప్పటి సంగతి గురించి వాడు నాతో అన్న మొదటి మాట అది. నిజమే కదా!