కొమ్ములు చూసి ఎద్దును కొంటారా? ఇంజిన్ చూసి జీపు కొనేవాళ్ళకు ఒక మాట

ఈరోజు పోస్టు పొడుగే. వాన పడి చేన్లో పని లేదు, అందుకే రాస్తా ఉండాను. ఓపిక ఉన్నోళ్ళు చదవండి. కొంతమందికి కోపం వస్తుంది, రానీండి.

మొన్న మా చెల్లెలి కొడుకు ఫోన్ తెచ్చి ఒక జీపు ఫోటో చూపించినాడు. పాత పెట్రోల్ జీపు, సీజే 3బి. దాంట్లో డీజిల్ ఇంజిన్ వేసినారంట. పెద్ద పెద్ద టైర్లు, నడుం ఎత్తుకు లేపిన బాడీ, ముందర నాలుగు లైట్లు. "మామా, ఇంజిన్ సూపర్ కండిషనంట, సెల్ఫ్ కొడితే ఒక్క దెబ్బకు లేస్తుందంట, రెండు లక్షల ఇరవైకి ఇస్తామంటాండారు" అన్నాడు. "క్రౌన్ పినియన్ ఎంతదిరా?" అని అడిగినా. తెలీదన్నాడు. "గేర్ బాక్సు ఏది?" తెలీదు. "ముందర కమాన్‌పట్టీలు ఎన్ని?" అదీ తెలీదు. కానీ బయానా పది వేలు ఇయ్యడానికి రెడీగా ఉండాడు.

సంతలో ఎద్దును కొనేటప్పుడు మనం ఏం చూస్తాం? పండ్లు చూస్తాం, గిట్టలు చూస్తాం, నాలుగు అడుగులు నడిపించి చూస్తాం. కొమ్ములు చూసి బేరం చేసేవాణ్ణి చూసి నవ్వుతాం. అదే మనిషి జీపు దగ్గరికి వచ్చేసరికి బానెట్ ఎత్తి, ఇంజిన్ సౌండ్ విని, డబ్బులు తీసి ఇచ్చేస్తాడు. నేను చెప్పేది ఒక్కటే. డీజిల్‌కు మార్చిన జీపులో ఇంజిన్ ఆఖర్న చూడాల్సింది. చక్రం దగ్గర మొదలుపెట్టి ముందరికి రావాల.

ఇది ఎవరో చెప్తే విని రాసేది కాదు. 2009లో నేను కూడా ఇదే పని చేసినా. మా చేను కొండ కింద మూడెకరాలు, దావ అంతా రాళ్ళు, మధ్యలో వంక. పాత పెట్రోల్ జీపు కొని డీజిల్ ఇంజిన్ వేయించినా. మెకానిక్ పేరు వద్దులే. "పాత మూడు గేర్ల బాక్సే చాలన్నా, హౌసింగులు మిలిటరీ సరుకు, ఏం కావు" అన్నాడు. నేనూ డబ్బులు మిగులుతాయి కదా అని తల ఊపినా.

ఎనిమిది నెలల్లో రెండు క్లచ్ ప్లేట్లు పోయినాయి. అప్పుడైనా బుద్ధి రాలా. ఒకరోజు సాయంత్రం 12 చెనక్కాయ మూటలు వేసుకొని వంక గట్టు ఎక్కుతా ఉంటే వెనక టక్‌మని శబ్దం. క్రౌన్ పినియన్ పండ్లు రాలిపోయినాయి. ఇంజిన్ తిరుగుతా ఉంది, చక్రం తిరగలా. బండి వెనక్కి జారింది. పాత డ్రమ్ బ్రేకులు, అంత బరువుకు పట్టలేదు. హ్యాండ్ బ్రేక్ గుంజినా. ఈ జీపుల్లో హ్యాండ్ బ్రేక్ చక్రాలకు ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక షాఫ్ట్‌కు ఉంటుంది. అది షాఫ్ట్‌ను గట్టిగానే పట్టుకునింది. కానీ షాఫ్ట్‌కూ చక్రానికీ సంబంధమే తెగిపోయినాక పట్టుకొని ఏం లాభం? మా ఇంటామె మూటల మీద కూర్చోని ఉండింది. చింతచెట్టు అడ్డం ఉండబట్టి ప్రాణాలు మిగిలినాయి. ఆమె కుడి మణికట్టు విరిగింది. ఈ రోజుకూ నిండు బిందె ఎత్తలేదు. దీంట్లో తప్పు మెకానిక్ ఒక్కడిదే కాదు. సగం నాది.

తర్వాత అందరూ ఒకే మాట అన్నారు, "డీజిల్‌కు గుంజుడు ఎక్కువ, అందుకే ఇరిగింది" అని. అది సగమే నిజం. కాగితం మీద చూస్తే ఆ కాలం డీజిల్ ఇంజిన్ల గుంజుడు పాత పెట్రోల్ ఇంజిన్ కంటే అంత ఎక్కువేం కాదు. తేడా యాడ ఉందంటే, పాత పెట్రోల్ ఇంజిన్లో కంప్రెషన్ 7 దగ్గర ఉంటే డీజిల్‌లో 18 నుంచి 22 దాకా ఉంటుంది. పెట్రోల్ ఇంజిన్ తోసినట్టు ఉంటే, డీజిల్ ప్రతిసారీ సుత్తితో కొట్టినట్టు ఉంటుంది. ఆ దెబ్బలన్నీ క్లచ్, గేరు పండ్లు, షాఫ్ట్ క్రాసులు, పినియన్ తినాల.

ఇంకొక లెక్క చూడండి. సీజే 3బిలో మొదటి గేరు 2.8, ట్రాన్స్‌ఫర్ కేసు లో గేరు 2.46, హౌసింగ్ 5.38. మూడూ గుణిస్తే 37. అంటే లో గేరులో ఇంజిన్ కొట్టే ప్రతి దెబ్బా 37 రెట్లయి ఇరుసు మీద పడుతుంది. యాభై ఏళ్ళ ఇరుసు, అరిగిన బేరింగులు, ఎప్పుడు మార్చినారో తెలీని ఆయిల్. ఇంజిన్ కొత్తదైతే ఏం లాభం?

క్రౌన్ పినియన్ సంగతి చెప్తా, ఇది బాగా గుర్తు పెట్టుకోండి. క్రౌన్‌కు 43 పండ్లు, పినియన్‌కు 8 ఉంటే అది 5.38. క్రౌన్‌కు 39, పినియన్‌కు 8 ఉంటే 4.88. మామూలు 28 అంగుళాల టైరుతో 5.38 హౌసింగ్ ఉంటే, టాప్ గేరులో 60 స్పీడుకు ఇంజిన్ నిమిషానికి దాదాపు 2,400 సార్లు తిరుగుతుంది. 80కి 3,200. పాత డీజిల్ ఇంజిన్లలో కొన్నిటికి దాదాపు అదే హద్దు. అందుకే కొందరు స్పీడ్ కోసం 4.88 వేస్తారు. వేసుకోండి, తప్పు లేదు, కొండ దావలో లోడుతో ఎక్కేటప్పుడు కొంచెం గుంజుడు తగ్గుతుంది అంతే. కానీ వెనక ఒక్కటే మార్చి ముందర పాతదే వదిలేస్తారు చూడండి, అది మోసం. ఫోర్ వీల్ వేయగానే ముందు ఇరుసు ఒక స్పీడు, వెనక ఇరుసు ఇంకో స్పీడు. అవి రెండూ కొట్లాడుకొని ట్రాన్స్‌ఫర్ కేసును పగలగొడతాయి. ముందూ వెనకా ఒకటే ఉండాల.

ఇప్పుడు ఎత్తు పిచ్చి. పొడుగు షాకిళ్ళు వేసి, పట్టీలు పెంచి బాడీ లేపుతాండారు. లేపిన కొద్దీ ప్రొపెల్లర్ షాఫ్ట్ వంకరగా తిరిగి క్రాసులు తొందరగా పోతాయి, బ్రేకు పైపులు లాగుతాయి. గట్టు మీద అడ్డంగా పోయేటప్పుడు బండి పల్టీ కొడుతుంది. 28 అంగుళాల టైరు తీసి 31 వేస్తే మీ 5.38 కాస్తా 4.86 లెక్కకు దిగిపోతుంది. ఆ పెద్ద టైరును అవే చిన్న డ్రమ్ములు ఆపాల. ఫోటోకు బాగుంటుంది, పొలానికి కాదు.

డీజిల్ ఇంజిన్ బరువు కాబట్టి ముందర పట్టీలు కుంగుతాయి, నిజమే. దానికి ముందర ఒక పట్టీ కలపండి. అంతేగానీ లారీ పట్టీలు తెచ్చి కట్టొద్దు. పట్టీ మరీ గట్టిదైతే వంగదు, చక్రం గుంతలో దిగదు, గాల్లో తేలుతుంది. తేలిన చక్రానికి పట్టు ఉండదు. ఆ దెబ్బంతా ఛాసిస్‌కూ, మన నడుముకూ వస్తుంది. యూ బోల్టులు బిగించినాక నాలుగు రోజులు లోడు తోలి మళ్ళా బిగించాల, లేకుంటే సెంటర్ బోల్టు తెగుతుంది.

కొందరు అంటారు, "మా నాయన జీపు ముప్పై ఏళ్ళు తిరిగింది, ఏం కాలా" అని. నిజమే అన్నా. దాంట్లో ఏ కంపెనీ ఇంజిన్‌కు ఆ కంపెనీ గేర్ బాక్సు, దానికి తగ్గ ఇరుసు ఉండింది. ఇప్పుడు అమ్ముతాండేది ఒకదాని తల, ఇంకోదాని నడుము, మూడోదాని కాళ్ళు.

కాగితాల సంగతి కూడా. ఆర్సీలో పెట్రోల్, బానెట్ కింద డీజిల్ ఉంటే కుదరదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజిన్ మార్పుకు ఆర్టీవో అనుమతి ఉండాల, ఆర్సీలో ఎక్కాల. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో చెప్పింది. ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్ళు మొదట ఆర్సీనే చూస్తారు.

జీపు వద్దని నేను చెప్పలా. ట్రాక్టర్ పోలేని దావలో పది యూరియా మూటలు, అంటే 450 కిలోలు, చేనుకు చేర్చేది జీపే. చెప్పేదంతా డబ్బు పెట్టే వరస గురించి:

1. బ్రేకులు, డ్రమ్ములు, పైపులు. బూస్టర్ ఉంటే డీజిల్ ఇంజిన్‌కు వ్యాక్యూం పంపు ఉందా చూడండి, లేకుంటే బూస్టర్ పనిచేయదు.
2. ముందూ వెనకా ఒకే క్రౌన్ పినియన్, మంచి బేరింగులు.
3. ఆ ఇంజిన్‌తో కంపెనీలో వచ్చిన గేర్ బాక్సే.
4. పట్టీలు, బుష్షులు, షాకబ్జార్బర్లు.
5. అప్పుడు ఇంజిన్.
6. లైట్లు, పెద్ద టైర్లు మీ ఇష్టం, మీ పెండ్లాం ఇష్టం.

కొనకముందు చెక్ చేసేది సులువు. బండి న్యూట్రల్‌లో పెట్టి, ముందు చక్రాలకు రాళ్ళు పెట్టి, వెనక ఒక్క చక్రం జాకీతో లేపండి. టైరుకు, షాఫ్ట్‌కు చాక్‌పీసుతో గీత పెట్టండి. లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. షాఫ్ట్ అయిదుంబావు దాటి తిరిగితే 5.38, అయిదుకు కొంచెం తక్కువ తిరిగితే 4.88. ఫోర్ వీల్ తీసేసి ముందర కూడా అట్లే చూడండి. అమ్మేవాడు ఒప్పుకోకపోతే అదే జవాబు.

ఆదివారం మా అల్లుడూ నేనూ ఆ జీపు చూడ్డానికి పోతా ఉండాం. బయానా డబ్బులు ఇంట్లో వాళ్ళమ్మ దగ్గర పెట్టించినా. నా జేబులో చాక్‌పీసు ఒక్కటే ఉంటుంది. ఏం తేలిందో వచ్చి రాస్తా. మీకు జరిగింది ఏదైనా ఉంటే కింద రాయండి, ఇంకొకరి చెయ్యి విరగకుండా ఉంటుంది.