క్లబ్బు తలుపు రాత్రి తొమ్మిదికి తెరుస్తారు

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ కాలేజీల కంప్యూటర్ సైన్స్ క్లాసుల్లో అమ్మాయిలకి కొదవ లేదు. కొన్ని సెక్షన్లలో వాళ్ళే ఎక్కువ. దీన్ని చూపించి "ఇంకా ఏం సమానత్వం కావాలమ్మా మీకు?" అని అడిగే ప్రిన్సిపాళ్ళూ, తోటి అధ్యాపకులూ చాలామందే ఉన్నారు. వాళ్ళని నేను తిరిగి అడిగేది ఒక్కటే. అదే డిపార్ట్‌మెంట్‌లో నడిచే విద్యార్థుల క్లబ్బులో సభ్యులుగా పేరున్న అమ్మాయిలెందరు? అక్కడ నిజంగా పని జరిగే చోట కూర్చున్న అమ్మాయిలెందరు? ఈ రెండు లెక్కల మధ్య ఉన్న ఖాళీ గురించే నా గొడవంతా.

పిల్లల క్లబ్బు గురించి కూడా స్త్రీవాదులు రాయాలా అని నవ్వుకునేవాళ్ళు ఉంటారు. క్లబ్బంటే ఏదో కాలక్షేపం, చదువుకి తోక లాంటిదని వాళ్ళ ఉద్దేశం. కంప్యూటర్ సైన్స్‌లో అది నిజం కాదు. సిలబస్ ఎప్పుడూ పదేళ్ళు వెనకే ఉంటుంది. లినక్స్ ఎలా ఎక్కించుకోవాలో, ఇతరులు రాసిన పెద్ద ప్రోగ్రాములో చెయ్యి ఎలా పెట్టాలో, పోటీల్లో లెక్క ఎలా విప్పాలో, ఏ కంపెనీ ఇంటర్న్‌షిప్‌కి ఎప్పుడు దరఖాస్తు పెట్టాలో క్లాసులో ఎవరూ చెప్పరు. సీనియర్లు జూనియర్లకి చెప్తారు, క్లబ్బులో చెప్తారు. మొదటి ఉద్యోగానికి సిఫారసు చేసే సీనియర్ దొరికేదీ అక్కడే. క్లాసు పట్టా ఇస్తుంది. ఆ పట్టాతో ఎటు నడవాలో క్లబ్బు చెప్తుంది.

ఈ క్లబ్బు నడిచే వేళలు చూడండి. నేను పాఠాలు చెప్పే కాలేజీలో బస్సులు సాయంత్రం నాలుగున్నరకి కదుల్తాయి. ఊళ్ళనుంచి వచ్చే అమ్మాయిలు సగంమంది ఆ బస్సుల్లోనే వెళ్ళిపోతారు. క్లబ్బు మీటింగు ఐదున్నరకి. ఆరున్నరకి అమ్మాయిల హాస్టల్ గేటు పడుతుంది. అసలు పని రాత్రి తొమ్మిది దాటాక అబ్బాయిల హాస్టల్ గదుల్లో మొదలవుతుంది. వచ్చే ఏడాది కార్యదర్శి ఎవరో, ఏ జట్టులో ఎవరుండాలో అక్కడే తేలిపోతుంది. నోటీసు బోర్డు మీద మాత్రం "సభ్యత్వం అందరికీ" అని ఉంటుంది. అందరూ అంటే రాత్రి తొమ్మిదికి గది దాటి బయటికి రాగలిగినవాళ్ళని అర్థం!

మరి క్లబ్బులో చేరిన అమ్మాయిలకి ఏ పనులు దొరుకుతాయి? ముఖ్య అతిథికి పూలగుత్తి ఇవ్వడం, మైకు పట్టుకుని కార్యక్రమం నడిపించడం, పోస్టర్లు వెయ్యడం, రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర పేర్లు రాసుకోవడం, సర్టిఫికెట్లు పంచడం. ఇంట్లో పండక్కి ఆడపిల్లలు చేసే చాకిరీకీ దీనికీ తేడా ఎక్కడుంది? 2017లో మొదలైన స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌లో ఆరుగురి జట్టులో కనీసం ఒక అమ్మాయి ఉండాలనే నియమం ఉంది. మంచి నియమమే. కానీ మన కాలేజీల్లో అది ఎలా అమలవుతోందో చూస్తున్నాను. ఐదుగురు అబ్బాయిలు జట్టు కట్టేసుకుని, గడువు రెండు రోజుల్లో ఉందనగా "మేడమ్, మాకొక అమ్మాయి కావాలి" అని స్టాఫ్ రూముకి వస్తారు. ఏ అమ్మాయైనా ఫర్వాలేదు వాళ్ళకి! ఆ అమ్మాయి చేతికి ప్రోగ్రాము రాదు, దాని గురించి చెప్పే స్లైడ్లు వస్తాయి. బహుమతి వస్తే ఫోటోలో మాత్రం ముందు వరసలో నిలబెడతారు.

ఇదంతా చెప్తే వచ్చే మొదటి జవాబు, "తలుపు తెరిచే ఉంది, అమ్మాయిలకే ఆసక్తి లేదు" అని. ఈ ఆసక్తి అనే మాటకి ఒక చరిత్ర ఉంది. 1946లో అమెరికాలో లోకానికి చూపించిన ఎనియాక్ యంత్రానికి ప్రోగ్రాములు రాసింది ఆరుగురు స్త్రీలు. అప్పుడు వాళ్ళ ఆసక్తిని ఎవరూ ప్రశ్నించలేదు, ఆ పనికి గౌరవం లేదు గనక. అదే దేశంలో 1950ల చివర్లో ఎంఐటీలో రైలు బొమ్మల క్లబ్బు కుర్రాళ్ళు రాత్రిళ్ళు ఖాళీగా ఉండే కంప్యూటర్ల చుట్టూ చేరారు. హ్యాకర్ సంస్కృతి అని ఇవాళ మనం పిలిచేది చాలావరకు అక్కడ పుట్టిందే. స్టీవెన్ లెవీ 1984లో వాళ్ళ మీద పుస్తకం రాస్తూ, అందులో ఆడవాళ్ళు లేకపోవడాన్ని తనే గుర్తించాడు. అయితే ఆ రోజుల్లో అమెరికా విశ్వవిద్యాలయాల్లోనూ అమ్మాయిల హాస్టళ్ళకి రాత్రి వేళల నిబంధనలు మామూలు విషయం. రాత్రిపూట పుట్టిన సంస్కృతిలో రాత్రి లేనివాళ్ళు ఎలా ఉంటారు? ఆసక్తి గురించి మాట్లాడేముందు గడియారం గురించి మాట్లాడాలి.

ఆసక్తి స్త్రీల స్వభావంలో లేకపోతే అది దేశాన్ని బట్టీ కాలాన్ని బట్టీ మారకూడదు. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ తీసుకున్నవాళ్ళలో స్త్రీలు 1984 ప్రాంతంలో 37 శాతం. 2010 తర్వాతి ఏళ్ళకి అది 18 శాతం దగ్గరికి పడిపోయింది. పాతికేళ్ళలో ఆడవాళ్ళ మెదళ్ళు మారిపోయాయా? ఇక్కడ మన దగ్గరేమో అమ్మాయిలు క్లాసు నిండా ఉన్నారు. మన అమ్మాయిల మీద పరిశోధన చేసిన రోలీ వర్మ, దీపక్ కపూర్ 2015లో అచ్చయిన వ్యాసంలో దానికి కారణాలు చర్చించారు. ఎండలో తిరగక్కర్లేని, నాలుగ్గోడల మధ్య కుర్చీలో కూర్చుని చేసే పని కాబట్టి ఆడపిల్లకి తగినదని కుటుంబాలు నమ్మడం అందులో ఒకటి. అంటే సీటు ఇప్పించిన పితృస్వామ్యమే క్లబ్బు దగ్గర గేటు వేస్తోంది. పద్ధతిగా కూర్చుని చదువుకో, పద్ధతిగా ఇంటికి రా. రెండూ ఒకే నోటి మాటలు.

మార్చాలనుకుంటే మారుతుందా? కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయాన్ని చూడండి. 1995లో అక్కడ కంప్యూటర్ సైన్స్‌లో కొత్తగా చేరినవాళ్ళలో స్త్రీలు 7 శాతం. 2000 నాటికి 42 శాతం. ఆ ఏళ్ళలో ఎక్కువ కాలం, 1999 దాకా, అక్కడ డీన్‌గా ఉన్నది మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. జేన్ మార్గోలిస్, అలన్ ఫిషర్ వందమందికి పైగా విద్యార్థులతో ఏళ్ళ తరబడి మాట్లాడి, 2002 నాటి తమ పుస్తకానికి 'అన్‌లాకింగ్ ది క్లబ్‌హౌస్' అని పేరు పెట్టారు. సమస్య క్లబ్బులాంటి సంస్కృతిలో ఉందని వాళ్ళు తేల్చారు. మంచి మార్కులు వస్తున్న అమ్మాయిలు కూడా, చిన్నప్పటినుంచీ కంప్యూటర్ తప్ప మరో లోకం లేని అబ్బాయిలతో పోల్చుకుని 'నేను ఇక్కడి మనిషిని కాను' అనుకుని వెళ్ళిపోతున్నారని రాశారు. విశ్వవిద్యాలయం అమ్మాయిలకి ధైర్యవచనాలు చెప్పి ఊరుకోలేదు. ప్రవేశాల్లో ముందస్తు ప్రోగ్రామింగ్ అనుభవానికి ఇచ్చే బరువు తగ్గించింది. అనుభవం ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ మొదటి కోర్సులో వేరువేరు దారులు పెట్టింది. 1999లో లెనోర్ బ్లమ్ చేరాక విద్యార్థినులతో కలిసి విమెన్ ఎట్ ఎస్‌సీఎస్ అనే సంఘం కట్టారు. అబ్బాయిలకి హాస్టల్ గదుల్లో అప్పనంగా దొరికే సీనియర్ల సలహా, పరిచయాలు, నాయకత్వం అమ్మాయిలకి కూడా దొరికేలా చెయ్యడమే ఆ సంఘం పని.

మన కాలేజీల్లో కూడా 'మహిళా విభాగం' ఉంటుందని అనొచ్చు. మార్చి 8న ముగ్గుల పోటీ పెట్టే విభాగానికీ, ఇంటర్న్‌షిప్ సమాచారం చేతిలో పెట్టే సంఘానికీ పోలికే లేదు. ఇంకో మాట. అనుభవం అనే కొలబద్ద అమ్మాయిలందర్నీ ఒకేలా కొట్టదు. చిన్నప్పుడే ఇంట్లో లాప్‌టాప్ చూసిన నగరపు అమ్మాయికీ, గురుకులంలో తెలుగు మీడియం చదివి వచ్చి ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో తొలిసారి కీబోర్డు ముట్టుకున్న దళిత అమ్మాయికీ క్లబ్బు ప్రవేశపరీక్ష ఒకటే. మెరిట్ అని పిలిచేది చాలాసార్లు ఎవరు ముందు మొదలుపెట్టారన్న లెక్క మాత్రమే.

చివరి ఆయుధం భద్రత. "ఏదైనా జరిగితే ఎవరు బాధ్యులు?" అని అడుగుతారు. 2015 పేరుతో యూజీసీ తెచ్చిన లైంగిక వేధింపుల నిరోధక నిబంధనలు ఈ సంగతి తేల్చి చెప్పాయి. భద్రత పేరు చెప్పి అబ్బాయిలకి లేని ఆంక్షల్ని అమ్మాయిల హాస్టళ్ళలో పెట్టకూడదు. అదే 2015లో ఢిల్లీలో అమ్మాయిలు పింజ్రా తోడ్ అంటూ వీధుల్లోకి వచ్చింది దీనికోసమే. నిబంధన పుస్తకంలో ఉంది, గేటు తాళం వార్డెన్ దగ్గరుంది. దారిలో దీపాలు వెయ్యడం, రాత్రి బస్సు నడపడం డబ్బుతో పని. తాళం వెయ్యడం ఊరికే అయిపోతుంది. అందుకే యాజమాన్యాలకి తాళమంటే అంత ఇష్టం.

రచయిత్రులకి ఇదంతా కొత్త కథ కాదు. సభ అయిపోయాక మనం ఆఖరి బస్సు కోసం పరుగెత్తేవాళ్ళం. సభ తర్వాత జరిగే అసలు సభలో ఎవరి కథ సంకలనంలోకి వెళ్ళాలో, ఎవరు 'ప్రధాన స్రవంతి'యో నిర్ణయమైపోయేది. తర్వాత "ఆడవాళ్ళు రాయరు, రాసినా వంటింటి గురించే" అన్నారు. ఆ మాట అబద్ధమని మనం మన సంకలనాలు వేసుకుని, మన పత్రికలు పెట్టుకుని రుజువు చెయ్యాల్సొచ్చింది. రేపు మన జీతాలూ అప్పులూ ఉద్యోగాలూ లెక్క కట్టే ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఇవాళ ఆ క్లబ్బుల్లో తయారవుతున్నారు. వాళ్ళలో ఎవరు లేరో పట్టించుకోకుండా ఉండగలమా?

కాలేజీల్లో ఉన్న మనం వచ్చే సెమిస్టరు నుంచే అడగాల్సినవి ఇవి. క్లబ్బు పని కాలేజీ వేళల్లో, టైంటేబుల్లో గంట కేటాయించి జరగాలి. ల్యాబు ఎంతసేపు తెరిచి ఉంటే అమ్మాయిలకి అంతసేపు వెళ్ళొచ్చే వీలుండాలి. టెక్నికల్ బాధ్యతల్లో సగం అమ్మాయిలవి కావాలి. హాస్టల్ గదుల్లో చేసిన నిర్ణయాలు చెల్లకూడదు. ముఖ్య అతిథికి పూలగుత్తి ఇవ్వాల్సివస్తే కార్యదర్శి కుర్రాడే ఇస్తాడు, అతనికీ చేతులున్నాయి కదా!