ప్రశ్న లేని పాఠం

అధ్యాపక మిత్రులు కొందరు ఆన్‌లైన్ బోధనను కేవలం సాంకేతిక సమస్యగా చూస్తున్నారు. సిగ్నలు బాగుండి, ప్రతి విద్యార్థి చేతిలోనూ ఫోను ఉంటే తరగతి గదికీ తెరకూ తేడా ఏమిటని వారి ప్రశ్న. అభ్యుదయవాదులై యుండి యంత్రాన్ని వ్యతిరేకించడమేమిటని ఎత్తిపొడుపు కూడాను. ఈ మాట అనేవారిలో మనవాళ్లే ఎక్కువ గనుక జవాబు చెప్పక తప్పదు.

యంత్రాన్ని ఎవరు కాదన్నారు? 1982లో హైదరాబాదులో దేశంలోకెల్లా మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం, నేటి అంబేద్కర్ విశ్వవిద్యాలయం, ఏర్పడింది. కాలేజీ గడప తొక్కలేని గుమస్తాకూ, కార్మికుడికీ, ఇల్లాలికీ అది చదువు అందించింది. చదువు లేనిచోటికి చదువును తీసుకువెళ్లింది. నేడు జరుగుతున్నది తలకిందులు. ఉన్న తరగతి గదిలోనుంచి మాస్టారిని తప్పిస్తున్నారు.

2020 మార్చిలో విద్యాలయాలు మూతబడ్డాయి. సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో యాదగిరి, టి-శాట్ ఛానళ్లలో పాఠాలు చెప్పారు. అది ఆపద్ధర్మం, నేను తప్పుపట్టను. 2017–18 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలోని గ్రామీణ కుటుంబాలలో కంప్యూటరు ఉన్నవి నూటికి 4.4, ఇంటర్నెట్టు ఉన్నవి 14.9 మాత్రమే. ఆ తరువాత ఫోన్లు పెరిగాయి. కేవలం ఈ అంకెలనే నమ్ముకుని వాదించేవారు, ప్రభుత్వం ఫోన్లు పంచిన రోజున నోరు మూసుకోవలసి వస్తుంది. నా అభ్యంతరం ఫోను వచ్చినంత మాత్రాన పోయేది కాదు.

ఒకసారి ద్రవ్యవేతనం, నిజవేతనం పాఠం చెబుతున్నాను. వెనుక బెంచీ కుర్రవాడు లేచాడు. "సార్, మా అమ్మ చుట్టిన బీడీల్ల కొన్ని బాగ లేవని పక్కన పెడ్తరు. వాటికి కూలి ఇయ్యరు, వాపసు గూడ ఇయ్యరు. అవి ఏ లెక్కల రాయాలె?" అన్నాడు. నా నోట్సులో ఆ పద్దు లేదు. అతని వెనుకనే మరొకడు పత్తి తూకంలో తీసే తరుగు మాట ఎత్తాడు. ఇంకొకడు కూలీల వద్ద మేస్త్రీ పట్టుకునే కమిషను చెప్పాడు. ఆ గంట మిగిలిన పాఠం నేను చెప్పలేదు, వాళ్లే చెప్పారు.

ముందే చిత్రీకరించి పెట్టిన పాఠం ఆ కుర్రవాడి కోసం ఆగదు. ప్రత్యక్ష ప్రసారంలో ప్రశ్న అడగవచ్చును గదా అంటారా? మ్యూటు తీయమన్నప్పుడు మాట్లాడినదెవరో, నోరు విప్పనిదెవరో ఆ సంవత్సరం పాఠాలు చెప్పిన ప్రతి అధ్యాపకుడికీ తెలుసు. పక్కవాడి ప్రశ్న విని తన ప్రశ్న గుర్తుకు రావడమనేది గదిలో జరిగినంత సులువుగా తెర మీద జరగదు.

అయితే తరగతి గదిని దేవాలయం చేసి, గురువును దేవుణ్ణి చేసి పాడే భజనలో నేను చేరలేను. ముప్పై ఏళ్లనాటి నోట్సు డిక్టేటు చేసి వెళ్లిపోయే మహానుభావుడికి తెర నిజంగానే ప్రత్యామ్నాయం! ర్యాంకుల కోసం పిల్లలను బెంచీలకు కట్టేసే కార్పొరేటు కళాశాలలో గది ఉన్నది, ప్రశ్న లేదు.

ఇక ఆపద్ధర్మం శాశ్వత ధర్మమైన తీరు చూడండి. సెమిస్టరు కోర్సులలో 20 శాతం వరకు 'స్వయం' వేదిక మీద చదవవచ్చునని 2016లో అన్న యు.జి.సి., 2021లో దానిని 40 శాతం చేసింది. విద్యార్థికి స్వేచ్ఛ అన్నారు. రిటైరైన అధ్యాపకుడి కుర్చీని ఖాళీగా ఉంచే స్వేచ్ఛ కూడా ఇందులోనే పాలకులకు దొరుకుతున్నది. చిత్రీకరించిన పాఠానికి నెలజీతం లేదు, పెన్షను లేదు, సంఘం లేదు. ప్రైవేటు పెట్టుబడి సంగతి చెప్పనే అక్కరలేదు. 2022లో 2,200 కోట్ల డాలర్ల విలువ కట్టిన బైజూస్, 2024లో దివాలా ట్రిబ్యునల్ ముందు నిలబడింది.

వీడియో పాఠం మాస్టారి చేతిలో పటంలాగా, ప్రయోగశాలలో పరికరంలాగా ఉండనివ్వండి. మీ కళాశాలకు ఆన్‌లైన్ కోర్సు ఎంచుకోమని సర్క్యులరు వచ్చినప్పుడు మాత్రం, ఆ శాఖలో ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయో, ఎన్నేళ్లుగా ఉన్నాయో రాతపూర్వకంగా అడగండి. జవాబును నోటీసుబోర్డు మీద అంటించండి.