ఆట పనిగా మారినప్పుడు

కోట్ల రూపాయలు అందుకుంటున్న క్రీడాకారుడు తనకు ఆట భారంగా, ఉద్యోగంలా తోస్తోందని చెబితే మనకు నవ్వు వస్తుంది. నిడదవోలు రైసు మిల్లులో పొద్దంతా బస్తాలు మోసే హమాలీకి ఆ మాట వినిపిస్తే ఏమనుకుంటాడు? ఆ నవ్వులో న్యాయం లేకపోలేదు. అయితే అది సగం న్యాయమే.

2022 జూలైలో ఇంగ్లాండు ఆటగాడు బెన్ స్టోక్స్, మూడు రకాల క్రికెట్టూ ఆడటం ఇక తన వల్ల కాదంటూ వన్డేల నుండి వైదొలిగాడు. టెన్నిస్‌లో ఎనిమిది గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్లు గెలిచిన ఆండ్రీ అగస్సీ, ఆ ఆటంటే తనకు ద్వేషమని 2009లో వెలువడిన ఆత్మకథలో రాసుకున్నాడు. ఈ రెండు ఫిర్యాదులూ ఒకటి కావు. మొదటిది అలసట. ఏ పనిలోనైనా అలసట సహజం, విశ్రాంతి దాని హక్కు. రెండవదాని వేరు బాల్యంలో ఉంది. ఏడేళ్ల వయసులోనే, తండ్రి సిద్ధం చేసిన బంతులు విసిరే యంత్రం ముందు నిలబడి అతడు రోజుకు 2,500 బంతులు కొట్టవలసి వచ్చేది. ఆడతావా అని అతణ్ణి ఎవరూ అడగలేదు. తర్వాత వచ్చిన ధనరాశులేవీ ఆ ప్రశ్నకు బదులు కాలేకపోయాయి.

ఇప్పుడు మన హైదరాబాదు బిడ్డ ముహమ్మద్ సిరాజ్‌ను చూడండి. గల్లీల్లో టెన్నిస్ బంతితో ఆడుతూ ఎదిగినవాడు. తండ్రి ముహమ్మద్ గౌస్ గారు ఆటో నడిపిన సంపాదనతోనే కుమారుని కోరికకు అండగా నిలిచారు. 2017 ఐపీఎల్ వేలంలో సిరాజ్ ధర 2.6 కోట్ల రూపాయలు పలికింది. 2020 నవంబరులో, కుమారుడు ఆస్ట్రేలియాలో ఉండగా, ఆ తండ్రి కన్నుమూశారు. ఇంటికి వెళ్లే అవకాశం ఇచ్చినా సిరాజ్ జట్టుతోనే ఉండిపోయాడు. 2021 జనవరిలో బ్రిస్బేన్‌లో ఒకే ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు తీశాడు. స్వదేశం చేరగానే విమానాశ్రయం నుండి నేరుగా తండ్రి సమాధి వద్దకు వెళ్లాడు.

2025లో ఇంగ్లాండు పర్యటన పొడవునా 'పనిభారం' అనే మాట మారుమోగింది. సిరాజ్ ఐదు టెస్టులూ ఆడి, 185 ఓవర్లకు పైగా బంతులు వేసి, 23 వికెట్లు పడగొట్టాడు. ఆగస్టు 4న ఓవల్‌లో భారత్ 6 పరుగుల తేడాతో గెలిచింది. వెయ్యికి పైగా బంతులు పరుగెత్తుకొచ్చి వేయడం పని కాదని ఎవరనగలరు? అది చెమటోడ్చి సంపాదించే కూలి వంటిదే. తేడా ఏమిటంటే, ఆ బరువును ఎవరో అతని భుజాన పెట్టలేదు, అతడే ఎత్తుకున్నాడు.

ప్రియ పాఠకులారా! ఈ తేడా మన ఇళ్లకు సంబంధించినది. పిల్లవాడు రెండు సిక్సర్లు కొట్టగానే కోచింగ్‌లో చేర్పించి, తెల్లవారుజామునే లేపి, ఓడి వచ్చిన రోజున ముఖం మాడ్చుకునే తల్లిదండ్రులు పెరుగుతున్నారు. కష్టపడమని చెప్పడం తప్పు కాదు. కాని తండ్రికి తీరని కోరికను బిడ్డ మీద అప్పుగా రాయడం అన్యాయం. సిరాజ్ స్థాయికి చేరేవారు లక్షల్లో ఒకరు. మిగిలిన పిల్లలకు ఆట వల్ల దక్కేది ఆరోగ్యం, స్నేహం, ఆనందం. వాటిని కూడా మనమే లాగేసుకుంటే వారికి మిగిలేదేమిటి?

దైవప్రవక్త (సఅసం) ఒక ప్రయాణంలో అనుచరులను ముందుకు సాగమని చెప్పి, హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారు. ఆమె గెలిచారు. కొంతకాలం తర్వాత మరో పందెంలో ఆయన గెలిచి, అది మునుపటి దానికి బదులని సరదాగా అన్నారు. ఆ పందేల్లో బహుమతి లేదు. గెలుపోటములు ఇద్దరి మధ్య నవ్వుగానే మిగిలాయి.

మీ బిడ్డను ఈ సాయంత్రమే పక్కన కూర్చోబెట్టుకుని అడగండి: "నాన్నా, బహుమతీ పేరూ ఏమీ రాకపోయినా ఈ ఆట ఆడతావా?" ఆ జవాబు ఏదైనా సరే, కోప్పడకుండా వినండి.