స్టార్టర్ మోటార్ మార్చే ముందు ఒక్కసారి ఆగండి

ఈరోజు పంట గురించి కాదు, బండి గురించి రాస్తున్నా. మనకిప్పుడు బండి కూడా ఎద్దుతో సమానమే గదా.

మొన్న తెల్లారుజామున మిరపకు నీళ్లు పెట్టడానికి బయల్దేరా. సెల్ఫ్ నొక్కితే 'టిక్' అంటది, ఇంజన్ తిరగదు. నా బండికి కిక్ లేదు. తోసుకుంటా పోతే మెకానిక్ బ్యాటరీ పోయిందన్నాడు. పాతది ఇచ్చేసి, పదిహేను వందలు పెట్టి కొత్తది వేయించా. నాలుగు రోజులకు మళ్లీ అదే టిక్. ఈసారి స్టార్టర్ మోటార్ మార్చాలన్నాడు. "మీటర్ పెట్టి చూశావా తమ్ముడూ?" అంటే, "చూడక్కర్లేదు, నాకు తెలుసు" అన్నాడు.

ఇంటికి తెచ్చుకుని, బోరు మోటార్లు బాగుచేసే మా ఊరి కుర్రాణ్ణి పిలిచా. ఇంజన్‌కి బిగించిన ఎర్త్ వైరు కింద అంతా చిలుం. గరుకు కాగితంతో గీకి బిగించాడు. బండి స్టార్ట్! యూరియా బస్తాలు మోసే బండి, చిలుం పట్టక ఏమవుతుంది?

లైటు వెలుగుతోంది, హారన్ మోగుతోంది కాబట్టి వైర్లు బాగున్నాయనుకోకండి. వాటికి కొంచెం కరెంటు చాలు. స్టార్టర్‌కి చాలా ఎక్కువ కావాలి. లూజు జాయింటు అక్కడే దొరికిపోతుంది.

మూడు నాలుగు వందలకు మీటర్ వస్తుంది. బండి ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.5 వోల్టుల దాకా చూపాలి. సెల్ఫ్ నొక్కినప్పుడు 9.5 కంటే కిందికి పడిపోతే బ్యాటరీ మీద అనుమానం. పడకుండా అలాగే ఉండి మోటార్ తిరగకపోతే టెర్మినల్స్, ఎర్త్, రిలే చూడాలి. మోటార్ సంగతి ఆఖర్న. అది కూడా ఒక్కోసారి కార్బన్ బ్రష్‌లు మారిస్తే సరిపోతుంది. అసలు టిక్ కూడా రాకపోతే ఫ్యూజు, సెల్ఫ్ బటన్, క్లచ్ స్విచ్, సైడ్ స్టాండ్ స్విచ్ చూడండి. బ్యాటరీ మాటిమాటికీ దిగిపోతుంటే ఇంజన్ రేజ్ చేసి కొలవండి. 13.5 నుంచి 14.5 మధ్య లేకపోతే ఛార్జింగ్ వైపు లోపం. అప్పుడు కొత్త బ్యాటరీ వేసినా అదే గతి.

తప్పంతా మెకానిక్‌దే అనను. ఆకు పసుపు రంగుకు తిరిగితే తెగులేంటో చూడకుండా కొట్టువాడిచ్చిన మూడు డబ్బాలు కొట్టేది మనమే. ఇక్కడా అంతే. "తొందరగా చెయ్యి, పొలం పోవాలి" అంటాం. సామాను మారిస్తే డబ్బులిస్తాం, గంటసేపు వెతికి వైరు బిగిస్తే "ఇంతేగా" అని చేతులు దులుపుకుంటాం. మరి వాడు వెతకడం ఎందుకు నేర్చుకుంటాడు?

నా మాట ఒకటే. ముందు కొలవమందాం. కొలిచినందుకు కూలి ఇద్దాం. ఆ రోజు మా కుర్రాడు వద్దంటున్నా రెండొందలు జేబులో పెట్టా. మోటార్ ఖరీదుతో పోలిస్తే అదెంత?

మీ బండికీ ఇలా జరిగి ఉంటే కింద రాయండి, నలుగురికీ పనికొస్తుంది.