భావియాత్రయందు గెలుపెవరిది?

ఫ్రాన్సు దేశమున ఏటేట ఆగస్టు మాసాంతమున ఒక సైకిలు పందెము జరుగుచుండును. దాని పేరు టూర్ ద లావెనీర్. మన భాషలో చెప్పవలెనన్న భావియాత్ర. 1961లో జాక్ మార్షాన్ అను ఫ్రెంచి పత్రికా రచయిత దీనిని నెలకొల్పెను. ఇరువదిమూడేండ్ల లోపు యువకులు తమ తమ దేశముల చొక్కాలు తొడిగి, దినమున కొక మజిలీ చొప్పున ఆల్ప్సు కొండల నెక్కుచు దిగుచు పోవుదురు. మజిలీల కాలమంతయు కూడగా ఎవనికి తక్కువ పట్టెనో అతడే విజేత. 2023 మొదలు యువతులకును ఇట్టి పందెము వేరుగ నడచుచున్నది.

పందెమునకు ఇంకను దినములుండగనే, ఫలానా దేశపు ఫలానా పిల్లవాడు గెలుచునని క్రీడాపత్రికలు ఉగాదినాటి పంచాంగశ్రవణమువలె ఫలములు చెప్ప నారంభించును. ఈ వేడుకకు మేము విముఖులము కాము. పఠనాలయముల బల్లలచుట్టు చేరి లోకవార్తలు చర్చించు మా చదువరులకు, క్రికెట్టునకు వెలుపల కూడ క్రీడాలోకము కలదని తెలియుట మేలే. కాని ఈ జోస్యమునకు ఆధారమేమని మాత్రము అడుగవలసియున్నది.

సాధారణముగా చూపబడు ఆధారము ఇటలీ. ఇదే వయస్సువారికి అచ్చట జూన్ మాసమున యువకుల జిరో పందెము జరుగును. అందు గెలిచినవాడే ఆగస్టునందును గెలుచునని పలువురి తలంపు. ఆ పందెము 2017లో పునరుద్ధరింపబడినది మొదలు 2025 వరకు లెక్క చూడుడు. ఒకే యేట రెంటిని గెలిచినవాడు ఒక్కడును లేడు! 2017లో ఇటలీయందు సివకోవ్ గెలువగా ఫ్రాన్సున కొలంబియావాడైన ఎగాన్ బెర్నాల్ గెలిచెను. మరుసటి యేట అచ్చట వ్లాసోవ్, ఇచ్చట స్లొవేనియా యువకుడు పొగాచర్. 2024లో ఇటలీ విజేత బెల్జియమువాడగు విడార్. ఫ్రాన్సున గెలిచినవాడు ఇంగ్లండు దేశస్థుడు బ్లాక్‌మోర్. 2025లో ఒమ్ర్‌జెల్ ఇటలీని గెలిచెను; భావియాత్ర మాత్రము ఫ్రెంచి కుర్రవాడు పాల్ సేషాస్ వశమయ్యెను.

కారణము వెదకిన దొరకకపోదు. రెండు మాసములు యువకుని దేహబలమున స్వల్పకాలము కాదు. జూన్‌లో శిఖరమున నున్న శక్తి ఆగస్టునకు జారిపోవచ్చును. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. ఇటలీయందు కుర్రవాండ్రు తమ జీతపు జట్లతోడనో సంఘములతోడనో పోవుదురు. ఫ్రాన్సున దేశమువారీగ జట్లు కట్టుదురు. జూన్‌లో తనకు గాలి కాచి, నీళ్ల సీసా తెచ్చి యిచ్చిన చెలికాడే ఆగస్టున శత్రుపక్షమున నిలుచును. మంచి చెలికాండ్రులేని చిన్నదేశపు కుర్రవాడు ఎంత బలశాలియైనను లోయలోని యెదురుగాలియందు ఒంటరియై పోవును. జోస్యము చెప్పువారు వ్యక్తుల పేర్లు ఏకరువు పెట్టుదురేగాని ఈ తోడ్పాటును తూచువారు అరుదు.

మమ్మడిగినచో, తొలి దినములందు పసుపు చొక్కా తొడిగినవానిని గాక, వరుసగా మూడవనాడు కొండ యెక్కునప్పుడు ఎవని కాళ్లు ఆడుచున్నవో వానిని చూడుడని చెప్పుదుము. 2023లో అమెరికావాడగు రిచిటెల్లో చేతిలోని ఆధిక్యము కడపటి దినమున జారిపోయెను. మెక్సికో యువకుడు ఇసాక్ దెల్ తోరో దానిని కైకొనెను. ఆ దేశమునకు అదియే ఈ పందెమున మొదటి విజయము. 1982లో గ్రెగ్ లెమాండ్ పది నిమిషములకు పైబడిన తేడాతో గెలిచినట్టి గెలుపులు నేడు కానరావు.

ఈ వారపు గెలుపును ఊహించుట వినోదమే. దానినుండి కుర్రవాని జీవితమంతటికి జాతకము వ్రాయుటయే మా యభ్యంతరము. 1961 మొదలు 2025 వరకు భావియాత్ర గెలిచినవారిలో అటుపిమ్మట టూర్ ద ఫ్రాన్సు మహాయాత్రను గెలిచినవారు ఆరుగురు మాత్రమే: జిమొండి, జూటెమెల్క్, లెమాండ్, ఇందురాయిన్, బెర్నాల్, పొగాచర్. (ఫిన్యోఁ కూడ రెంటిని గెలిచెనుగాని, మహాయాత్రయే ముందు.) మహాయాత్రను రెండుమారులు గెలిచిన డెన్మార్కువాడు వింగెగార్ పేరు ఈ పట్టికలో వెదకినను దొరకదు. 2009 విజేత రొమాఁ సికార్ ఫ్రెంచివారి ఆశాజ్యోతి యనిపించుకొనెను. ఆ యాశలు ఫలింపకయే, 2021లో హృదయదోషము బయల్పడి పందెములు మానుకొనవలసివచ్చెను. 2022లో ఇటలీయందు గెలిచిన లియో హేటర్ 2024లో తన మనోవ్యథను గూర్చి తానే బహిరంగముగ వ్రాసి పందెములకు విరామ మిచ్చెను. 2018లో పొగాచర్ గెలిచిన నాడు మూడవ స్థానమున నిలిచిన స్విట్జర్లండు యువకుడు జీనో మెడర్ 2023 జూన్‌లో ఆల్బులా కనుమ దిగుచు పడి మరణించెను. ఆ సంవత్సరపు పట్టికలను ముందుగ వ్రాసినవారిలో నెవరికి ఇది తోచియుండును?

ఇక సేషాస్ సంగతి. 1985లో ఇనో గెలిచిన పిమ్మట ఫ్రెంచివాడు మహాయాత్రను గెలువలేదు. 2025 ఆగస్టున భావియాత్ర గెలుచునాటికి సేషాస్‌కు పందొమ్మిదేండ్లు నిండలేదు. ఆ నలువదేండ్ల నిరీక్షణను మూటగట్టి ఆ బాలుని వీపున నెత్తిరి. పైపెచ్చు అతడు అప్పటికే అగ్రశ్రేణి జట్టున జీతగాడు. అంతర్జాతీయ సైకిలు సమాఖ్యవారు ఇరువదిమూడేండ్ల లోపువారి ప్రపంచపోటీయందు పై రెండు శ్రేణుల జట్లవారు పాల్గొనరాదని 2025 నుండి కట్టడి చేసిరి. భావియాత్రకు ఆ నాడు అట్టి కట్టడి లేకపోయెను. ఒకవంక పాఠశాల విడిచి చిన్న సంఘమున చేరిన కుర్రవాడు, వేరొకవంక వైద్యులు, వంటవాండ్రు, శాస్త్రజ్ఞులు వెంటనున్న జీతగాడు. వీరిరువురిలో నెవరు గెలుతురో చెప్పుటకు జ్యోతిష్కుడేల?

పొగాచర్ 2018లోను, దెల్ తోరో 2023లోను చిన్న జట్లనుండియే వచ్చిరి. ఎవరెరుగని కుర్రవాడు లోకమున కగపడుటకే ఈ పందెము పుట్టినది. కావున ప్రపంచపోటీయందలి నియమమునే నిర్వాహకులు ఇచ్చటను అమలు పరుపవలెనని మా అభిప్రాయము. అట్లు చేసినచో క్రీడాపత్రికలవారికి జోస్యము చెప్పుట కొంత కష్టమగును. ఆ కష్టమును వారు సహింపగలరు.