మస్టరు ఊరి ముందు చదవాలి

వేసవిలో కాలువలు కట్టేయగానే డెల్టా గ్రామాల్లో పూడికతీత పనులు మొదలవుతాయి. కొన్నేళ్లుగా పలుగూ పారా పట్టుకుని గట్టుకు చేరిన ఉపాధి కూలీలను ముందుగా పలకరించింది సెల్‌ఫోను. పొద్దున ఒక ఫోటో, నాలుగు గంటల తరువాత మరొకటి. ఆ రెండు ఫోటోలే ఆనాటి హాజరు.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమై, 2008 ఏప్రిల్ నాటికి దేశంలోని గ్రామీణ జిల్లాలన్నింటికీ విస్తరించింది. కాగితం మస్టర్ల కాలంలో పనికి రానివారి పేర్లు కూడా వాటిలో చేరాయన్నది దాచలేని నిజం. దానిని అరికట్టడానికే కేంద్రం 2021లో ఫోను హాజరు తెచ్చి, 2023 జనవరి 1 నుంచి వ్యక్తిగత లబ్ధిదారుల పనులు మినహా అన్ని పనులకూ తప్పనిసరి చేసింది. ఉద్దేశం మంచిదే.

మరి ఫలితం ఏమిటి? 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ రాష్ట్రాలకు రాసిన లేఖే సమాధానం చెప్పింది. పనితో సంబంధం లేని ఫోటోలు, ఫోటోకు తీసిన ఫోటోలు, ఒకే ఫోటో పలు మస్టర్లలో, పొద్దున ఒకరు మధ్యాహ్నం మరొకరు! గ్రామ పంచాయతీ స్థాయిలో ప్రతి ఫోటోనూ సరిచూడాలని ఆ లేఖ ఆదేశించింది. కాగితం మీద దొంగ వేలిముద్ర వేయించిన వారికి ఫోనులో దొంగ ఫోటో తీయడం కష్టమా?

రెండో వైపు కూడా చూడాలి. సిగ్నలు అందక ఫోటో ఎక్కకపోతే, రోజంతా మట్టి మోసిన మనిషి కూలి పోతుంది. దొంగ పేరు చేరితే ఖజానాకు నష్టం. నిజమైన పేరు జారిపోతే ఒక ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగదు. రెండూ తప్పులే.

ఈ తప్పులను పట్టేదెవరు? ఆఫీసులో కూర్చుని ఫోటోలు తిరగేసే ఉద్యోగికి మన మొహాలు తెలియవు. ఊరికి తెలుసు. ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షను సామాజిక తనిఖీని గ్రామసభకే అప్పగించింది. ఆ తనిఖీని ఒక వ్యవస్థగా నిలబెట్టడంలో మన రాష్ట్రం ముందు నిలిచింది. అయితే పనులు అయిపోయిన ఎన్నో నెలలకు జరిగే తనిఖీలో పోయిన కూలి తిరిగి రావడం కష్టం. చెల్లింపుకు ముందే జరగాలి.

అందుకు పెద్ద ఖర్చేమీ లేదు. వారానికొకసారి, పని దిగిన తరువాత, రామాలయం అరుగు మీదనో, పంచాయతీ ఆఫీసు ముందో మస్టరు పైకి చదవాలి. పేరు, పనిచేసిన రోజులు, వాటితోపాటు కొలతలు కూడా చెప్పాలి. ఎన్ని ఘనపు మీటర్ల పూడిక తీశారో ఫోటో చెప్పదు. కూలి తేలేది మాత్రం ఆ కొలత మీదే. అభ్యంతరం చెప్పినవారికి అక్కడే రసీదు ఇవ్వాలి. చదువు రాని కూలీకి కూడా తన లెక్క తన చెవిన పడాలి.

2025 డిసెంబరులో పార్లమెంటు 125 రోజుల పని పేర్కొంటూ కొత్త చట్టం చేసింది. చట్టం పేరు మారినా, హాజరు పట్టీ మారదు. దాని మీద కన్ను వేయాల్సిన అవసరమూ పోదు. ఎన్టీఆర్, కృష్ణా జిల్లాల అధికారులు ఈ వారపు చదువును ప్రతి పంచాయతీలో నియమంగా పెట్టాలి. సర్పంచులు అందుకు ముందుకు రావాలి. కూలీలు కూడా మొహమాటపడకుండా అడగాలి. అది ఎవరినో నిందించడం కాదు. తమ కష్టానికి లెక్క అడగడం.